అరగంట పడుకో

"ఆగు. లోపలికెళ్ళకు."

తెనాలి స్కానింగ్ సెంటర్ గుమ్మం పక్కన కూర్చున్న ముసలాయన చేతికర్ర అడ్డం పెట్టాడు.

హెప్సిబాకి ఒళ్ళు మండింది.

కుడి పిక్కలో పుట్టుకతోనే రక్తనాళాలు చిక్కుపడి కాయలా ఉబ్బాయి. గుంటూరు డాక్టరు మూడుసార్లు సూదిమందు ఎక్కించాడు. ఇవాళ్టి స్కానింగ్‌లో వాపు, సూదికి ముందు తీసిన మొదటి స్కానింగ్ కన్నా తగ్గినట్టు కనబడితే మందు సాగుతుంది. లేదంటే కాలు తీసేయాల్సిందే అన్నాడు.

"తప్పుకో తాతా. నా నంబరు పిలిచారు."

"స్టేషన్ నించి నడిచొచ్చావా?"

"ఎగిరి రావాలా ఏంటి?"

"మొదటి స్కానింగప్పుడో?"

"జొరం. పొద్దుట్నించీ పడుకునే ఉన్నా. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు."

"అయితే ఇవాళా పడుకో. కాలు దిండు మీదెత్తి పెట్టు. అరగంట. నడిస్తే రక్తం దిగి ఉబ్బుద్ది. అప్పుడట్టా, ఇప్పుడిట్టా కొలిస్తే మందు పని ఎట్టా తెలుస్తది?"

"రేపల్లె రైలెళ్ళిపోద్ది!"

"రైలు ఇంకోటుంది. కాలు ఇంకోటుందా?"

"ఉంది. ఎడంది."

ముసలాయన నవ్వలేదు.

స్కానింగ్ తీసే కృష్ణకాంత్ తలుపు తీసి తొంగిచూశాడు. "వెంకట్రామయ్యగారూ, మళ్ళీ మొదలెట్టారా? అవతల జనం ఉన్నారండి."

"ఉండనీ. ఈ పిల్ల పడుకుని లేచిందాకా నువ్వు మిషను ముట్టుకోవు."

"ఇంత పెత్తనం చేసే అటెండర్ని ఎక్కడా చూళ్ళేదు" అంది హెప్సిబా, అందరికీ వినబడేలా.

అన్నదే గానీ, వెళ్ళి బల్ల మీద పడుకుంది. ఎవరో తీసేద్దామంటే ఊరికే ఇచ్చేసే కాలు కాదది.

అరగంట తర్వాత కొలిచారు. సగానికి సగం తగ్గింది!

ముసలాయన వైపు కూడా చూడకుండా స్టేషన్‌కి నడిచింది.

గుంటూరు డాక్టరు రెండు స్కానింగులూ పక్కపక్కన పెట్టి చూశాడు. కాలు తీసే మాట మళ్ళీ ఎత్తలేదు.

నాలుగు నెలలకి మళ్ళీ స్కానింగ్. ఈసారి ఎవరూ చెప్పకుండానే ముందొచ్చి పడుకుంది.

అంతలో సంగం జాగర్లమూడి నించి ఒకావిడ, చెయ్యి వాచిన కూతుర్ని లాక్కుంటూ పరుగున వచ్చింది.

"ఆగమ్మా. పిల్లని పడుకోబెట్టు. చెయ్యెత్తి పెట్టు" అంది హెప్సిబా.

"నంబరు పోద్దండీ!"

"పోనీ."

కృష్ణకాంత్ తల పట్టుకున్నాడు. "మీరూ తయారయ్యారా?"

"అయ్యాను. ఏం చేస్తారు? మీ అటెండరేరీ? ఆ రోజు మాట తూలాను. ఓ మంచిమాట చెప్పి పోవాలి."

"పోయారండి. కిందటి నెల్లో, బాపట్లలో."

హెప్సిబా చప్పున లేచి కూర్చుంది.

"ఆయన మా అటెండరు కాదండి" అన్నాడు కృష్ణకాంత్ మెల్లగా. "ఎవరూ రమ్మనకుండానే మంగళవారం మంగళవారం వచ్చి కూర్చునేవారు. ఆయనదీ మీ జబ్బే."

మిషను వైపు చూశాడు.

"ఆరేళ్ళ కిందట ఆయన నడిచొస్తే, అరగంట ఆగకుండా వెంటనే స్కానింగ్ తీసింది నేనేనండి. ఆ కొలత చూసే, మందు పనిచెయ్యట్లేదని ఆయన కాలు తీసేశారు."