బుగ్గలో తాండ్ర

"ఇంకో ముక్క పెట్టు కోడలమ్మా, పిల్ల మొహం మాడిపోతోంది," అన్నాడు గంగయ్య తాత.

భూలక్ష్మి పరిగెత్తుకొచ్చి కూతురి బుగ్గలో మామిడి తాండ్ర దోపింది. నీలవేణి నుదుటికి యూనివర్సిటీవాళ్లు కట్టిన పట్టీ ఎర్రబడబోయి, మళ్లీ పచ్చగా వెలిగింది.

ఇప్పుడు చదువులన్నీ ఇంట్లోనే. పాఠం వింటూ మనసులో విసుక్కుంటే చాలు, పట్టీ ఎర్రబడుతుంది. ఎర్రబడితే సాయంత్రం కూర్చుని 'ఇష్టం పెంచే క్లాసు' వినాలి. ఏం అడిగినా "మంచి ప్రశ్న" అని మెచ్చుకుని, పాఠాన్ని మళ్లీ మొదటికి తెచ్చే ఆ యూనివర్సిటీ అంటేనే నీలవేణికి గిట్టదు. అదనపు క్లాసు తప్పించుకోవడానికి తాండ్ర ఉపాయం తనే కనిపెట్టింది: నోట్లో తీపి తగిలితే చాలు, పట్టీ దాన్ని చదువుమీది ఇష్టమే అనుకుంటుంది.

ఏడాది తిరిగాక, వేరే యూనివర్సిటీకి మార్చమని ధైర్యం చేసి అడిగింది. గోడమీది తెరలోంచి కమ్మటి గొంతు వచ్చింది.

"మీ అంత ఇష్టంగా చదివేవాళ్లు జిల్లాలోనే లేరమ్మా. మిమ్మల్ని ఎలా వదులుకుంటాం? ఇంకో రెండేళ్లు పొడిగించాం. అభినందనలు!"

"నాకిష్టం లేదండీ!" అని అరిచింది నీలవేణి. నోట్లో తాండ్ర ఇంకా కరుగుతూనే ఉంది. పట్టీ పచ్చగా వెలిగింది.

"చూశారా!" అని మురిసిపోయింది గొంతు.

నీలవేణి తాండ్ర ఉమ్మేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

"కోడలమ్మా, ఇదంతా రాయి," అన్నాడు తాత. "మీ అన్న కూతురు శకుంతలకి వచ్చే వారం పట్టీ కడతారంట గదా, దానికి చదివి వినిపించు. సాయంత్రం క్లాసులో ఎన్ని గంటలు కూర్చోబెట్టినా సరే, మొదటి రోజు నుంచే మొహం మాడ్చుకుని ఉండమను."