గ్రాఫీన్ కోటు

"నిజం చెప్పు. ఈ కోటు నీకెవరిచ్చారు?"

దాహాయ్ నోట్లోని కుడుమును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు. "చెప్పాగా, కంపెనీ ఇచ్చిందని. చలికాలం కదా, పార్సిళ్లు పంచేవాళ్లందరికీ ఇచ్చారు."

"అందరికీనా? పొద్దున మీ జౌ కనిపించాడు. రెండు స్వెట్టర్ల మీద దుప్పటి చుట్టుకుని, బండి మీద గడగడా వణుకుతున్నాడు. వాడిది మీ కంపెనీ కాదా?"

దాహాయ్ గిన్నెలోకి తలొంచుకున్నాడు.

లిచ్యూ కుర్చీ దగ్గరికి లాక్కుని, మొగుడి స్వెట్టరు మీదున్న చేతుల్లేని నల్ల కోటు అంచు తిరగేసి వేళ్ల మధ్య నలిపి చూసింది. హార్బిన్ బజార్లలో, వేడి పుట్టించే గ్రాఫీన్ పొర ఉందని చెప్పి అమ్మని వస్తువు లేదు. మోకాలి పట్టీలు, నడుం పట్టీలు, బూట్లలో వేసుకునే అట్టలు. సగం వాటిలో ఉండేది రాగి తీగా నల్ల గుడ్డా మాత్రమే. కానీ ఆమె పని చేసేదే ఆ పొరలు కత్తిరించే కార్ఖానాలో. అస్తరు కింద కాగితం కన్నా పల్చగా, మడిచినా ముడత పడకుండా జారుతున్నది అసలు సరుకే. చిన్న బ్యాటరీ తగిలిస్తే చాలు, వీపూ ఛాతీ ఒకేలా వెచ్చబడతాయి. అలాంటిది తనకొకటి కొనుక్కుందామని ఆమె రెండు చలికాలాలుగా అనుకుంటూనే ఉంది.

"ఇది ఊరికే పంచిపెట్టే రకం కాదు. ఎవరో మనసుపడి కొన్నారు."

సరిగ్గా అప్పుడే కోటు గుండెల మీదున్న చిన్న దీపం ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది. దాహాయ్ ఒక చేతిలో గిన్నె ఉంది, రెండో చేతిలో తినే పుల్లలున్నాయి.

"వేడి ఎవరు పెంచారు?"

"దానంతటదే..."

"దానంతటదే పెరగదు. ఫోన్లోంచి పెంచాలి. ఏదీ, నీ ఫోన్ ఇటివ్వు."

ఫోనంతా గాలించింది. కోటుకు సంబంధించింది ఏమీ లేదు. ఈ కోట్లు జత కలిపిన ఒక్క ఫోను మాటే వింటాయి. ఆ ఫోను ఇంకెవరి చేతిలోనో ఉందన్నమాట. అదీ పది మీటర్లు దాటితే పని చెయ్యదు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి లిచ్యూ పైకప్పుకేసీ నేలకేసీ చూసింది. ఆ మనిషి ఎక్కడో లేదు, ఈ మేడలోనే ఉంది.

వంటింట్లో పొగలాగే ఫ్యాను రొద ఆగింది. లిచ్యూ తల్లి పులియబెట్టిన క్యాబేజీ పులుసు పట్టుకుని వచ్చింది.

"మళ్లీ ఏమైందే?" అని అరిచింది. చెవులు సరిగా వినపడని మనిషి, ఏం మాట్లాడినా అరుపే.

"ఈయనగారికి ఎవరో వెచ్చటి కోటు కొనిపెట్టారమ్మా!"

"ఈ మొహానికా? ఏ చెత్తకుండీలోనో దొరికుంటుంది. బండి మీద ఊరంతా తిరిగేవాడు మనకొద్దే అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పా. విన్నావా?" ముసలమ్మ పులుసు గిన్నె ఠపీమని అల్లుడి ముందు పెట్టింది. "నాకు నడుం లాగేస్తోంది. మీ గోల మీరు పడండి" అంటూ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

లిచ్యూ గొంతు తగ్గించింది. "పేరు చెప్పు."

"చెప్పలేను. చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది చెబితే మాట తప్పినట్టేగా లిచ్యూ!"

"సరే. పేరు చెప్పేదాకా ఈ గడప తొక్కకు."

ఆమె ఇంటి చెప్పులతోనే గబగబా మెట్లు దిగింది. సరిగ్గా కింద వాటాలో తోంగ్ ఒక్కతే ఉంటుంది. రోజూ ఏదో ఒక పార్సిలు తెప్పించుకుంటుంది, దాహాయ్ కనిపిస్తే చాలు "తమ్ముడూ తమ్ముడూ" అంటూ నవ్వుతుంది. లిచ్యూ అరచేత్తో దబదబా తలుపు బాదింది.

మొహం నిండా కీరా ముక్కలు అంటించుకున్న తోంగ్ తలుపు తీసింది.

"నీ ఫోన్ చూపించు అక్కా."

"ఏం, నీకు లేదా?"

"మా ఆయన కోటు వేడి పెంచుతున్నది నువ్వేనా?"

తోంగ్ నుదుటి మీది కీరా ముక్క జారి కింద పడింది. "నా ఒళ్లు వెచ్చబెట్టే దిక్కే లేదు తల్లీ, మీ ఆయన్ని కూడా నేనెక్కడ కాచను? ఇదిగో, చూసుకో." ఫోను లిచ్యూ చేతిలో పెట్టేసింది. ఎంత వెతికినా అందులో బట్టల దుకాణాలు తప్ప ఏమీ లేవు. "పై అంతస్తుల్లో కూడా అడిగిరా. ఎవరి మొగుడికి ఎంత వేడుందో మేడంతా తెలుస్తుంది!"

తలుపు మూసుకుంది. లోపలి నుంచి నవ్వు వినిపిస్తూనే ఉంది. లిచ్యూ చెవులు కాలిపోతుండగా మెట్లెక్కింది. దాహాయ్ అప్పటికే హెల్మెట్టు పెట్టుకుని, మధ్యాహ్నం పార్సిళ్లకు బయల్దేరి గుమ్మంలో నిలబడ్డాడు.

"రాత్రికి రానా, వద్దా?" అన్నాడు మెల్లిగా.

ఆమె మొహం తిప్పుకుంది. అతను మెట్లు దిగడం మొదలుపెట్టాడు. వద్దనుకుంటూనే లిచ్యూ మెట్ల కమ్మీ మీంచి వంగి చూసింది. మెట్ల మలుపులో మొగుడు ఇటు తిరిగాడు. అతని గుండెల మీది పసుపు దీపం ఎర్రగా వెలిగింది.

తోంగ్ ఫోను చూడనే చూసింది. మెట్ల మీద పురుగు కూడా లేదు. మరి ఎవరు? లిచ్యూ చప్పుడు చెయ్యకుండా ఇంట్లోకి అడుగుపెట్టింది.

తెర మీద ఏముంటే అది పైకి చదివి వినిపించే ముసలివాళ్ల ఫోను ఒకటి, తల్లి గదిలోంచి గట్టిగా పలికింది: "అల్లుడు గారి కోటు. వేడి ఆఖరి మెట్టుకు పెంచబడినది."