గ్రూపులో లేని మనిషి

రోడ్డుకు పోయే మా భూముల గురించి అభ్యంతరాలు ఇవ్వడానికి ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాకే గడువు. తిరువళ్ళూరు కలెక్టరాఫీసు వరండాలో పదకొండున్నర దాకా నేనొక్కణ్ణే నిలబడ్డాను. భూములు పోయేవాళ్ళతో నేను పెట్టిన వాట్సాప్ గ్రూపులో మాత్రం నాలుగువందల పన్నెండు మంది ఉన్నారు. వెనకటికి మీటింగంటే డప్పు కొట్టించేవాళ్ళం, ఊరికుక్కలు కూడా వచ్చేవి.

చివరికి పొదటూరుపేట బస్సు దిగి వసుమతి వచ్చింది. మాటకు మాట చెబుతుందని గ్రూపులోంచి నేనే తీసేసిన మనిషి.

"యాడ మామా, నీ సైన్యం?"

"వస్తారు. పొద్దున్నే ఆఫీసు నోటీసు అందరికీ పంపినాను."

ఆమె నా ఫోను తీసుకుని చూసింది.

"ఇది అరవంలో ఉండాది. నీకు అరవం చదవను రాదు గదా?"

"రాదు. ముద్ర చూసి పంపినా."

"అభ్యంతరాలు తీసుకునేది వచ్చే నెలకు వాయిదా అని ఉండాది మామా. లోపల కాగితాలు తీసుకుంటానే ఉండారు, ఇది ఎవురో చేసిన దొంగ నోటీసు. నువ్వు పంపినావని అందురూ నమ్మినారు. నాకు రాలా కాబట్టి నేనొచ్చినా."

మా పళ్ళిపట్టు నుంచి ఇక్కడికి రెండు గంటల దారి. అయినా ఫోన్లు చేస్తూనే లోపలికి నడిచాను.

గుమాస్తా మా రెండు కాగితాలూ తీసుకుని, గడియారం చూసి, "మిగతావాళ్ళంతా ఒప్పుకున్నట్టే కదా?" అంటూ అదే రాసుకున్నాడు.