మహేశ్వరి కొంగున తాళాల గుత్తి

“నీళ్ల గదికి గూడా తాళమేందమ్మా?” అని అడిగింది ముసలామె.

మహేశ్వరి తలెత్తి చూసింది. ముతక చీర, చేతిలో గుడ్డసంచి. ఏ బిడ్డకో అవ్వ అయ్యుంటుందనుకుంది.

బేతంచెర్లలో నాపరాళ్ల గనులకు పోయే ఆడవాళ్ల పిల్లలను పగలంతా చూసుకునే సంఘం అది. దానికొక కమిటీ ఉంది, ప్రెసిడెంటుగా హనుమంతమ్మ ఉంది. తాళాలు మాత్రం అత్తగారి కొంగుకు ఉన్నట్టు సెక్రటరీ మహేశ్వరి కొంగుకే.

“వంటగదికి, బీరువాకు, అన్నిటికీ నువ్వేనా?”

“ఇంకెవరు చూస్తారవ్వా? నేను లేకుంటే ఈడ పొయ్యి గూడా వెలగదు.”

“మొగం పాలిపోయి ఉండాదే?”

“గర్భసంచి తీసెయ్యాలన్నారు. శానా ఆలస్యమైతే కష్టమంట. నేను పోతే వీళ్ల గతేంది? కమిటీవాళ్లకు పని నేర్పేదానికి కర్నూలు నుంచి ఎవరో మేడమ్ వస్తాందంట. ఆమె కోసమే కాసుకోని ఉండా.”

అవ్వ నవ్వింది.

“ఆ గుత్తి ఒకసారి ఇయ్యి తల్లీ, నీళ్లు తాగుతా.”

ఇచ్చింది.

వంట వేళకు చూస్తే అవ్వ లేదు. తాళాలూ లేవు.

“సంచి ఏసుకోని స్టేషన్ దిక్కు పాయె కదక్కా,” అన్నాడు పిల్లల ఆటో నడిపే రామాంజి.

మహేశ్వరి ఫోను కూడా బల్ల మీదే వదిలేసి పరుగెత్తింది. ప్లాట్‌ఫారం ఎక్కేసరికి రైలు కదిలింది. కిటికీలో అదే ముతక చీర.

“నీ చేతులు పడిపోను, దొంగ ముసల్దానా!”

అవ్వ ఆ చేతినే ఊపింది.

తిరిగి నడిచి వస్తుంటేనే గంట దాటింది. ఈపాటికి పిల్లలు ఆకలికి ఏడుస్తుంటారు.

గేటు దగ్గర ఏడుపు వినిపించలేదు. పప్పు తాలింపు వాసన వచ్చింది.

వంటగది తాళం పగిలి కింద పడుంది. పిల్లలు వరుసగా కూర్చొని తింటున్నారు.

“ఎవరు పగలగొట్టమనింది?”

“నేనే,” అంది హనుమంతమ్మ, వడ్డించే గరిటె ఆపకుండా. “గని సమ్మెట ఉండనే ఉండె. రామాంజి ఒక్కటేసినాడు.”

“నన్ను అడగకుండానా?”

“అడుగుదామనే ఫోన్ చేస్తిమి. నీ బల్ల మీదనే మోగె. ప్రెసిడెంటంటే సంతకానికే అనుకుంటి ఇన్నాళ్లు. ఈపొద్దు బిడ్డలు ఏడుస్తాంటే ఎవరో ఒకరు సెప్పాల కదా, సెప్పినా.”

మహేశ్వరికి కోపం రావాలి. ఎందుకో రాలేదు.

అంతలో ఫోన్ మోగింది. కర్నూలు ట్రైనింగు ఆఫీసాయన.

“మీ మేడమ్ ఇంకా రాలేదు సార్,” అంది ఆయన నోరు తెరవకముందే.

“అదేందమ్మా, హంపమ్మ గారు వచ్చి పోయినారంట కదా. ఇప్పుడే రైల్లోనుంచి చేసినారు. తాళాలు నీళ్ల కుండ ఎనకాలనే పెట్టినారంట. ‘ఈపాటికి పొయ్యి వెలిగింటాది, ఇంక మహేశ్వరిని ఆపరేషనుకు పొమ్మను, ట్రైనింగు అయిపోయింది’ అని సెప్పమన్నారు.”