నోరు విప్పని యున్‌చిన్

“సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు టీచరమ్మా, పెట్టేసి పోతాను. నా మనవరాల్ని మామూలు సెక్షన్లో వేసెయ్యి” అంటూ స్టాఫ్ రూములో కుర్చీ లాక్కుని కూర్చుంది చుంగ్ ముసలమ్మ.

లియావ్ టీచర్ దిద్దుతున్న నోట్సు మూసి పక్కన పెట్టింది. మెయ్‌నుంగ్ ఊరి బళ్లో నాలుగో తరగతిలో ఒక సెక్షన్‌కి సైన్సు ఇంగ్లీషులో చెప్పడం ఈ ఏడే మొదలైంది. పట్టుబట్టి మొదలుపెట్టించింది తనే. ఇప్పటికే నలుగురు పిల్లలు వెళ్లిపోయారు. ఇంకొక్కరు వెళితే ఆ సెక్షనే ఎత్తేస్తానని హెడ్మాస్టరు పొద్దున్నే తేల్చి చెప్పాడు.

“మొదలై మూడు నెలలే కదా అవ్వా. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి.”

“ఓపికకేం, బోలెడుంది. చదువేదీ? ఇంట్లో మేం మాట్లాడేది హక్కా. బళ్లో చైనీసు. అవే దానికి తిన్నగా రావు. వానా, ఆవిరీ కూడా ఇంగ్లీషులోనే చెబుతున్నావట! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు కాదూ? ఇంట్లో అడిగి తెలుసుకుందామన్నా నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదాయె. పక్కింటి మనవడు పాఠాలన్నీ గడగడా అప్పజెబుతాడు. ఇదేమో గోళ్లు కొరుక్కుంటుంది.”

గుమ్మం పక్కన నిలబడ్డ యున్‌చిన్ గబుక్కున వేలు నోట్లోంచి తీసేసింది.

ముసలమ్మ మాటల్లో అబద్ధం లేదు. తరగతిలో ఆ పిల్ల ఒక్కరోజూ నోరు విప్పలేదు. ఏమడిగినా తల వంచుకుంటుంది. నా పంతం కోసం పసిదానికి అన్యాయం చేస్తున్నానా అని లియావ్ టీచర్‌కి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

“ఒక్క ప్రశ్న అడుగుతాను అవ్వా. చెప్పలేకపోతే సెక్షన్ మార్చే కాగితం నేనే ఇస్తాను.”

“అడుగు, ఆ ముచ్చటా తీరుతుంది” అంటూ ముసలమ్మ పెన్ను మూత తీసింది.

టీచర్ పిల్ల వైపు తిరిగింది. వారం నుంచి చెబుతున్న పాఠంలోంచే, నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగింది. “తడి తొందరగా ఆరాలంటే ఏం చేయాలి?”

యున్‌చిన్ ముఖం కందిపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట పెగల్లేదు. పక్క బల్లల దగ్గర టీచర్లు నోట్సులు దిద్దుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టారు.

లియావ్ టీచర్ కాగితం ముందుకు జరిపింది. మనసొప్పక, అదే ప్రశ్న ఇంగ్లీషులోనే ఇంకోసారి అడిగింది.

“పల్చగా పరిచి గాలి తగిలేచోట పెట్టాలి!” విసుగ్గా హక్కాలో అరిచింది ముసలమ్మ. “ఏమిటీ గోల? రోజూ ముల్లంగి ముక్కలు ఎండేసిన చోట నన్ను కూర్చోబెట్టి, అర్థం చెప్పి, మళ్లీ ఇలాగే అడిగి, జవాబు చెప్పేదాకా లేవనివ్వదు ఈ రాక్షసి. ఇప్పుడు నీకూ నేర్పిందా ఏం?”