రెండు గోడల మధ్య బెంచీ

"పిల్లకి ఏదో అయింది. లేకపోతే ఎందుకు మాట్లాడదు?"

కంగారక్క ఆ మాట అనేసరికి లైన్లో వెనకున్న అయిదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంకా మొదలే కాలేదు. కళ్ళకు తగిలించుకునే నల్ల డబ్బా బల్లమీదే ఉంది.

"మొదలెట్టింది," అంది గుండీలు కుట్టే పిన్ని. "పోయిన వారం పిల్లకి కామెర్లన్నావు. అంతకుముందు మేడమీంచి పడిందన్నావు. ఈ వారం ఏమిటే?"

"గొంతు పోయిందేమో పిన్నీ."

కుట్టు షెడ్డులో ఆమెకు కంగారక్క అన్న పేరు ఊరికే రాలేదు. మిషను సూది విరిగితే ముక్క ఎవరి కంట్లో పడిందోనని షెడ్డంతా ఆపించే మనిషి. ఒక్కతే కూతురు. దూరంగా కాలేజీ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది.

శనివారం మధ్యాహ్నం షెడ్డు ఆపేశాక కంప్యూటర్ గదిలో తలా ఇరవై నిమిషాలు. డబ్బా తగిలించుకుంటే ఒక తోట కనిపిస్తుంది. తోటలో బెంచీ. బెంచీకి ఈ చివర తన బొమ్మ, ఆ చివర కూతురి బొమ్మ. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునే ఏర్పాటట.

మహా ఏర్పాటు! పదకొండు వారాలయింది. కూతురి బొమ్మ వస్తుంది, కూర్చుంటుంది, పోతుంది. నోరు మెదపదు.

"ఇవాళైనా పలుకుతుందా సార్ మీ తోట?" అంది కంగారక్క, తలపిన్నులు తీసి గుమ్మం దగ్గర షెడ్డు చూసుకునే మేడం పట్టుకున్న పళ్ళెంలో పడేస్తూ.

కంప్యూటర్ సార్ బట్టతల తుడుచుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? మనకి ఫైర్‌వాల్ ఉంది. అంటే గోడ. వాళ్ళ కాలేజీకీ ఉంది. వాళ్ళు నేరుగా ఇక్కడికి రాలేరు, మనం నేరుగా అక్కడికి పోలేం. అందుకే రెండు గోడలకీ బయట ఈ తోట పెట్టాం. ఇటునుంచి మీరు వెళ్తారు, అటునుంచి అమ్మాయి వస్తుంది."

"గోడ దాటి నేనెలా వెళ్తాను?"

"లోపలున్నవాళ్ళు బయటికి వెళ్ళొచ్చమ్మా. బయటివాళ్ళే లోపలికి రాకూడదు. గోడ పద్ధతి అది."

లైనంతా గొల్లుమంది. మేడం కూడా మొహం తిప్పుకుని నవ్వింది.

"ఏ లోకంలో సార్ ఆ గోడ?" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "మాకూ ఒకటి కట్టించండి."

సార్ మొహం ఎర్రబడింది. గబగబా కంగారక్క నంబరు కొట్టాడు.

డబ్బా తగిలించుకోగానే తోట వచ్చింది. ఒక్క ఆకూ రాలని చెట్టు. ఎటూ పోని మబ్బు. తన బొమ్మ సన్నగా, నున్నగా కూర్చుని ఉంది.

"పెళ్ళినాడు కూడా నాకింత నడుము లేదు. ఎవరిది తెచ్చి అతికించారో," అంది కంగారక్క. పక్కన ఆకుపచ్చ చొక్కాలో కూతురి బొమ్మ నాలుగు లెక్కపెట్టేలోగా ఒకసారి రెప్ప వేస్తోంది. "ఇదా మా పిల్ల? బట్టల కొట్టు బొమ్మకి ఇంతకన్నా కళ ఉంటుంది. దాని మాటలన్నీ మీ గోడే మింగేస్తోంది. ఇంత చదువు చదివి, ఇన్ని వైర్లు లాగి, రెండు మాటలు ఇవతల పడెయ్యలేరు! మా షెడ్డులో తుప్పు మిషను నయం, చప్పుడైనా చేస్తుంది."

సార్‌కి ఓపిక అయిపోయింది.

"దారి బాగానే ఉందమ్మా! మొదటి వారం తప్ప ఎప్పుడూ ఆగలేదు. చెబుదామంటే మీరు చెప్పనిస్తేగా? మీ మాట అక్కడికి వెళ్తోంది. ఆ అమ్మాయి మైకు తెరిచే ఉంది. ఊపిరి కూడా వినిపిస్తోంది. తను మాట్లాడటం లేదు. అంతే."



కంగారక్క పదకొండు వారాలుగా గోడని తిట్టింది. గోడని తిట్టడం తేలిక.

మొదటిసారి నోరు మూసుకుని చెవి పెట్టింది. నిజమే. ఊపిరి. ముక్కులో సన్నటి ఈల. జలుబు చేస్తే చిన్నప్పటినుంచీ దానికి అంతే.

"జలుబు చేసింది నీకు," అంది.

ఆకుపచ్చ బొమ్మ రెప్ప వేసింది.

"ఎవరైనా ఏమైనా అంటున్నారా? నాతో చెప్పు. అప్పుడు నీ వెంటపడ్డవాడు నా దెబ్బకి ఇవాళ్టికీ కుంటుతున్నాడు, గుర్తుందిగా?"

ఊపిరి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

"నేను పక్కన లేకపోయేసరికి ఎవడికీ భయం లేకుండా పోయిందేమో. ఎత్తు గోడలట. గంట కొడితేనే తిండట. గేటు దగ్గర కాపలా అట. అలాంటి చోట ఆడపిల్లవి ఎలా ఉంటున్నావే? తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. ఎదురు మాట్లాడితే గదిలో వేసి తాళం పెడుతున్నారేమో. అసలు నిన్ను బయటికి పంపిస్తున్నారా, లేదా?"

"రెండు నిమిషాలు," అంది మేడం.

ఆకుపచ్చ బొమ్మ కదల్లేదు. మబ్బు కదల్లేదు.

"చెప్పవే. నీ కాళ్ళు పట్టుకుంటాను. బయటికి పంపిస్తున్నారా?"

మేడం గోడ గడియారం చూసింది. పిన్ని లైన్లోంచే చెయ్యెత్తి, నా వంతులోంచి తీసుకోనివ్వండి అని సైగ చేసింది. మేడం చూడనట్టు ఊరుకుంది. రెండు నిమిషాలు అయిపోయాయి. ఇంకో రెండు గడిచాయి.

ముక్కులో ఈల ఆగింది.

"నేను బయటే ఉన్నానమ్మా," అంది కూతురు, "నా కోసం జైల్లో ఉన్నది నువ్వు."