మన గూడు

ఐదో తరగతి తెలుగు మేష్టారు పద్యంలోని ఒక పాదం బోర్డు మీద రాశారు: ‘వాన వెలిసింది, మన గూడు తడిసింది.’

“ఈ మాట ఎవరంటున్నారు?”

“పిట్ట సార్.”

“పద్యంలో పిట్టలెన్ని?”

“ఒక్కటే సార్.”

“మరి ‘నా గూడు’ అనకుండా ‘మన గూడు’ అని ఎందుకంది?”

“‘నా’ అంటే గొప్పలు పోయినట్టుంటుంది సార్,” అన్నాడొకడు. పిల్లలు నవ్వారు. మేష్టారు నవ్వలేదు.

చివరి బెంచీ అమ్మాయి లేచింది. “రెండో పిట్ట ఇక లేదు సార్. దీనికింకా అలవాటు పోలేదు.”

“కూర్చో,” అన్నారాయన ముభావంగా.

బెల్లు కొట్టారు. అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి బల్ల దగ్గరికొచ్చింది.

“నాన్నా, పొద్దున నువ్వు అమ్మకి కూడా కంచం పెట్టావు. నువ్వు గమనించకముందే తీసేశాను.”